స్ట్రిప్ పెట్టినా పెట్టెలు ఎందుకు ఖాళీ అయ్యాయి?

ప్రశ్న: నా దగ్గర 120 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు ఉండేవి. సరదాగా నాలుగు పెట్టెలతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఇల్లు గడిచేది దీనిమీదే. పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు తరలిస్తుంటాను. పోయిన సీజన్లో తేనె బాగానే వచ్చింది. సీజన్ అయిపోయాక మాత్రం చూస్తుండగానే 40 పెట్టెల దాకా ఖాళీ అయిపోయాయి. లోపల తేనె ఉంది, ఈగలు లేవు. అంతకుముందు కొన్నాళ్ళుగా రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టెల ముందు పాకుతూ కనిపించాయి. ఆ తర్వాత మైనపు పురుగు పట్టి పట్టులన్నీ పాడుచేసింది. నేనేమీ అశ్రద్ధ చెయ్యలేదు, మూడేళ్ళుగా క్రమం తప్పకుండా అమిట్రాజ్ (నల్లిని చంపే మందు) స్ట్రిప్పులు పెడుతూనే ఉన్నాను. ఒక పెద్దాయన మందులు మానెయ్యమంటున్నారు, తట్టుకున్నవే మిగులుతాయట. ఇంకో మిత్రుడు నెలనెలా మందు పెట్టమంటున్నాడు. వేల పెట్టెలు పెంచేవాళ్ళు ఏం చేస్తున్నారు? పోయిన పెట్టెల్ని ఈ ఏడాదే మళ్ళీ నింపనా, ఆగనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: చచ్చిన పెట్టెల పట్టులు ఇంకా మీ దగ్గరే ఉంటే వాటిని పారెయ్యకండి, బతికున్న పెట్టెలకూ ఇవ్వకండి. మీ ప్రశ్నలో సగానికి జవాబు వాటిలోనే ఉంది. బ్రూడ్ (గుడ్లు, ఎదిగే పిల్లలు ఉండే గడులు) ఉండిన ఫ్రేమును తలకిందులు చేసి, ఎండ గడుల్లోకి పడేలా పట్టుకుని చూడండి. గడి పైకప్పుకు అంటుకుని తెల్లటి సన్నటి చుక్కలు కనిపిస్తే అవి వరోవా అనే నల్లి విసర్జన. తేనె అలాగే ఉండి ఈగలు మాయమవడం, దానికి ముందు ముడుచుకుపోయిన రెక్కలతో ఈగలు పాకడం, ఈ రెండూ కలిశాయంటే నేను మొదట అనుమానించేది వరోవానే, అది మోసుకొచ్చే, రెక్కల్ని ముడిచేసే వైరస్‌నే. పురుగుమందు దెబ్బ అయితే తీరు వేరుగా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లోనే పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పలు పడతాయి, చాలావాటి నాలుక బయటికి చాచి ఉంటుంది.

అదే చేత్తో ఇంకొకటి కూడా చూసుకోండి. గడుల మూతలు లోపలికి కుంగి చిల్లులు పడ్డాయా? అగ్గిపుల్ల లోపల గుచ్చి మెల్లగా లాగితే గోధుమరంగు జిగురు తీగలా సాగుతోందా? ఎండిపోయిన పట్టులో అయితే గడి అడుగున నల్లటి పొలుసు ఊడిరానంత గట్టిగా అతుక్కుని ఉందా? ఇవి అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ లక్షణాలు. ఆ బ్యాక్టీరియా స్పోర్లు పట్టుల్లో, పెట్టె చెక్కలో దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి. యాంటీబయాటిక్ ఇస్తే లక్షణాలు కప్పబడిపోతాయి తప్ప స్పోర్లు పోవు. అనుమానం వస్తే పరీక్ష చేయించండి. రూఢి అయితే గుంట తీసి ఫ్రేముల్ని కాల్చెయ్యడమే, ఇందులో జాలి పనికిరాదు. మీరు రాసినదాన్ని బట్టి అదేనని అనిపించడం లేదు. అయినా చూడకుండా ఆ ఫ్రేముల్ని వేరే పెట్టెల్లో పెడితే మిగిలిన 80 కూడా ప్రమాదంలో పడతాయి.

ఇక వరోవా సంగతి. ఇది మొదట ఆసియా తేనెటీగ మీద బతికిన నల్లి. ఆ ఈగకు, దానికి మధ్య ఎప్పుడో ఒక రాజీ కుదిరింది. అక్కడ అది దాదాపుగా పోతుటీగల (మగ ఈగల) గడుల్లోనే పిల్లల్ని పెంచుకుంటుంది, కూలి ఈగల జోలికి పోదు. గత శతాబ్దం మధ్యలో మనం పెంచే ఇటాలియన్ రకం చెందిన యూరప్ తేనెటీగ జాతి మీదికి దూకింది. ఈ ఈగకు దానితో పాత పరిచయం లేదు, రాజీ లేదు. అమెరికాలో 1987లో కనిపించింది, న్యూజిలాండ్‌లో 2000లో. ఆస్ట్రేలియా 2022 దాకా తప్పించుకుంది. ఆ ఏడాది న్యూకాసిల్ రేవు దగ్గర నల్లి బయటపడ్డాక చుట్టుపక్కల పెట్టెల్ని నాశనం చేసి మరీ ఆపాలని చూశారు. 2023 సెప్టెంబరులో ఆ ప్రయత్నం వదిలేసి, ఇక దీనితో కలిసి బతకడమే అని తేల్చుకున్నారు. మీరూ అక్కడినుంచే మొదలుపెట్టండి. పూర్తిగా వదిలించుకునే దారి ఎవరికీ లేదు.

తేనె బాగా వచ్చిన ఏడాదే పెట్టెలు పోవడం మీకు వింతగా తోచి ఉంటుంది. వింతేమీ లేదు. ఆడ నల్లి గడికి మూత పడబోయే ముందు లోపలికి దూరుతుంది. మూత పడ్డాక దాదాపు 70 గంటలకు మొదటి గుడ్డు పెడుతుంది, అది మగది. తర్వాత సుమారు 30 గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు. కూలి ఈగ గడి మూసి ఉండేది 12 రోజులే కాబట్టి ఒకటో రెండో కూతుళ్ళు మాత్రమే పూర్తిగా ఎదిగి తల్లితో పాటు బయటికొస్తాయి. పోతుటీగ గడి ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ మూసి ఉంటుంది, అందుకే నల్లికి అదంటే మక్కువ. బ్రూడ్ ఎంత నిండుగా ఉంటే దానికి అన్ని గదులు దొరికినట్టు.

పూత ఉన్నన్నాళ్ళూ రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది కాబట్టి ఈగల జనాభా నల్లుల్ని కప్పేస్తుంది. మీకు పెట్టె నిండుగా, ముచ్చటగా కనిపిస్తుంది. పూత తగ్గగానే రాణి గుడ్లు తగ్గిస్తుంది, నల్లులు మాత్రం తగ్గవు. మిగిలిన కొద్ది గడుల్లోకే అన్నీ ఎగబడతాయి. ఆ గడుల్లోంచి పుట్టాల్సినవి గడ్డుకాలం దాటించే, ఎక్కువ రోజులు బతకాల్సిన ఈగలు. అవే జబ్బుతో పుడితే పెట్టె నిలవదు. పైగా ఈ నల్లి తినేది మామూలు తిండి కాదు. చాలాకాలం ఇది ఈగ రక్తం పీలుస్తుందనుకున్నారు. 2019లో కీటక శాస్త్రవేత్త శామ్యూల్ రామ్సే, ఆయన సహచరులు ఇది ముఖ్యంగా ఈగ కొవ్వు కణజాలాన్ని తింటుందని చూపించారు. ఈగకు నిల్వ ఆహారం ఉండేది అక్కడే, రోగాన్ని తట్టుకునే శక్తికీ, విషాన్ని విరగ్గొట్టడానికీ ఆధారం అదే. అందుకే నల్లి పట్టిన పెట్టెకు చిన్న పురుగుమందు దెబ్బ కూడా పెద్దదవుతుంది.

కాబట్టి మందు పెట్టాల్సిన సమయం ఈగలు పాకడం కనిపించాక కాదు. చివరి తేనె తీసిన వెంటనే, ఆ ఎక్కువకాలం బతికే ఈగలు గడుల్లో పెరగక ముందే. మీ స్ట్రిప్పులు ఎప్పుడు పెట్టారో మీరు రాయలేదు. కాస్త ఆలస్యమైందేమోనని నా అనుమానం.

వేల పెట్టెలవాళ్ళు ఏం చేస్తున్నారని అడిగారు. వాళ్ళ దగ్గర మనకు తెలియని మందేమీ లేదు. వాళ్ళలో నిలదొక్కుకున్నవాళ్ళు మార్చుకున్నది లెక్క. మందుకు ముందు లెక్క, మందు తర్వాత మళ్ళీ లెక్క. బ్రూడ్ ఉన్న ఫ్రేము మీదినుంచి అరకప్పు ఈగల్ని తియ్యండి, అంటే సుమారు 300. రాణి ఆ ఫ్రేము మీద లేదని రెండుసార్లు చూసుకోండి. ఆల్కహాల్ పోసిన సీసాలో వేసి ఒక నిమిషం బాగా ఆడించి, జాలీ గుండా వడకడితే నల్లులు కిందికి దిగుతాయి. 6 నల్లులు వస్తే 2 శాతం, 9 వస్తే 3 శాతం. 2 శాతం దగ్గరికి వచ్చిందంటే చర్య తీసుకోవాలి. 3 దాటాక రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. మూతల కింద దాక్కున్న నల్లులు ఈ లెక్కలోకి రావని గుర్తుంచుకోండి. బ్రూడ్ ఉన్న రోజుల్లో సగానికి పైగా అక్కడే ఉంటాయి.

300 ఈగల్ని చంపడానికి చాలామందికి చెయ్యి రాదు. పంచదార పొడిలో దొర్లించి ఈగల్ని బతికుండగానే వదిలే పద్ధతి ఉంది గానీ, నల్లులు కొన్ని ఒంటి మీదే ఉండిపోయి లెక్క తక్కువ చూపిస్తుంది. బతుకుతెరువుగా పెంచేవాళ్ళకు నా సలహా ఆల్కహాలే. మంచి రాణికి ఆ 300 ఒక్కరోజు గుడ్ల పని కూడా కాదు. అన్ని పెట్టెలూ చూడక్కర్లేదు. ఒకచోట దించిన గుంపులో ఎనిమిదికి తగ్గకుండా, అంచున ఉన్నవీ మధ్యలో ఉన్నవీ కలిపి చూడండి. పెట్టె మూత మీదే తేదీ, అంకె రాసెయ్యండి. పుస్తకంలో రాద్దామనుకుంటే సీజన్లో ఆ పుస్తకం దొరకదు.

ఇప్పుడు మీ స్ట్రిప్పుల విషయం. మూడేళ్ళు వరసగా ఒకే మందు వాడటమే అసలు తేడా కావచ్చు. ఇది మీ ఒక్కరి కథ కాదు. మొదట ఫ్లువాలినేట్ స్ట్రిప్పులు అద్భుతంగా పనిచేశాయి, 1990ల చివరికల్లా చాలాచోట్ల నల్లి వాటిని లెక్కచెయ్యడం మానేసింది. తర్వాత కుమాఫాస్ అనే మందుదీ అదే దారి. అమిట్రాజ్ మాత్రం ఎక్కువ కాలం నిలిచింది, అందుకే అందరూ దానిమీదే వాలిపోయారు. 2024 జూన్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా అమెరికాలో వాణిజ్య పెంపకందార్లు సగటున 62 శాతం పెట్టెలు పోగొట్టుకున్నట్టు సర్వేలో తేలింది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు కూలిపోయిన పెట్టెల నమూనాలు చూస్తే వైరస్‌లు భారీగా ఉన్నాయి. పరీక్షించిన నల్లులన్నింటిలోనూ అమిట్రాజ్‌ను తట్టుకునే జన్యు గుర్తు ఉంది. వేల పెట్టెలున్నవాళ్ళకే ఇలా అయితే మిమ్మల్ని మీరు నిందించుకోవడం దండగ.

మీ దగ్గర కూడా అదే జరిగిందో లేదో తెలుసుకోవడం తేలిక. స్ట్రిప్ పెట్టే ముందు ఈగల్ని ఆల్కహాల్‌లో కడిగి లెక్క చూడండి, గడువు పూర్తయి తీసేశాక మళ్ళీ చూడండి. అంకె బాగా పడిపోకపోతే ఆ మందును కొన్నేళ్ళు పక్కన పెట్టండి. పనిలో పనిగా ఇంకో మాట: స్ట్రిప్పుల్ని గడువు దాటి పెట్టెలో వదిలెయ్యకండి. అమిట్రాజ్‌కు మామూలుగా 6 నుంచి 8 వారాలు. ఆ తర్వాత కూడా ఉంచితే కొద్దికొద్దిగా మందు తగులుతూ నల్లిని రాటుదేల్చడమే అవుతుంది. పంటల మీద కొట్టే అమిట్రాజ్ సీసా తెచ్చి, అట్టముక్కలు ముంచి పెట్టేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. చవకని చేస్తారు. మోతాదు ఎవరికీ తెలియదు, మైనంలో, తేనెలో అవశేషాలు మిగులుతాయి, నల్లి ఇంకా తొందరగా మొండికేస్తుంది. మీ మిత్రుడు చెప్పే నెలనెలా మందు కూడా చివరికి ఇక్కడికే చేరుతుంది.

మార్చి మార్చి వాడటానికి ఏమున్నాయంటే, ఫార్మిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం, థైమాల్ (వాము పువ్వు). ఫార్మిక్ గొప్పతనం ఏమిటంటే దాని ఆవిరి మూతల్లోంచి దూరి లోపలి నల్లిని కూడా చంపుతుంది. ఇబ్బంది వేడి. పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే బ్రూడ్ దెబ్బతింటుంది, రాణులు పోతాయి. ఆక్సాలిక్ దీనికి ఎదురు. ఈగలకు సౌమ్యమే గానీ మూత దాటి వెళ్ళలేదు. బ్రూడ్ నిండా ఉన్న పెట్టెలో ఒక్కసారి ఆవిరి పట్టించి పని అయిందనుకుంటే అంతే సంగతులు. రెండూ మీ ఊపిరితిత్తులకు మంచివి కావు, ఆమ్లపు ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి. మీ దేశంలో తేనెటీగలకు అనుమతి ఉన్న తయారీనే, దానిమీద రాసిన మోతాదులోనే వాడండి.

ఆక్సాలిక్ మూత దాటలేకపోతే మూతలే లేని రోజు చూసి పెట్టాలి. పెద్ద పెంపకందార్లు ఇప్పుడు ఏడాది పనుల్ని మలచుకుంటున్నది ఈ ఆలోచన చుట్టూనే. చలిదేశాల్లో శరదృతువులోనే పెట్టెల్ని 4, 5 డిగ్రీల చల్లదనం ఉన్న చీకటి గోదాముల్లోకి చేర్చేవాళ్ళు పెరుగుతున్నారు. రాణి గుడ్లు ఆపుతుంది, ఈగలు గుత్తిగా ముడుచుకుంటాయి, ఉన్న నల్లులన్నీ ఈగల ఒంటిమీదే ఉంటాయి. గోదాము లేనివాళ్ళు రాణిని పెట్టెలోనే చిన్న పంజరంలో 24 రోజులు బంధిస్తారు. కూలి ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి 21 రోజులు, పోతుటీగకు 24. కాబట్టి 24వ రోజుకు పెట్టెలో మూతపడిన గడి ఒక్కటీ ఉండదు. అప్పుడు రాణిని వదిలి, కొత్త బ్రూడ్‌కు మూతలు పడక ముందే ఆక్సాలిక్ పెడతారు. ఆ ఒక్క దెబ్బకు నల్లుల్లో అత్యధిక భాగం పోతాయి. తేనె పూత ఉన్నప్పుడు ఇలా చేస్తే నష్టపోతారు, పూతకూ పూతకూ మధ్య ఖాళీలో పెట్టుకోండి. మూడోది అందరికీ అందుబాటులో ఉన్నది, పెట్టెల్ని విడగొట్టడం. రాణి లేని సగం తన రాణిని తాను తయారుచేసుకుని, అది జోడు కట్టి గుడ్లు మొదలుపెట్టేసరికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా పాత బ్రూడ్ అంతా బయటికి వచ్చేస్తుంది. మందుకు అంతకన్నా మంచి అదను దొరకదు.

ఈ బ్రూడ్ విరామంతో ఇంకో లాభం ఉంది. ట్రోపిలీలాప్స్ అనే ఇంకో నల్లి ఆసియాలో కొండతేనె పెట్టే పెద్ద ఈగల నుంచి పెంపుడు పెట్టెల్లోకి వస్తుంది. వరోవా కన్నా చిన్నగా, పొడుగ్గా, పట్టు మీద చురుగ్గా పరిగెడుతూ కనిపిస్తుంది. అది వరోవా కన్నా వేగంగా పెరుగుతుంది. దాని నోరు ఎదిగిన ఈగను కొరకలేదు, తిండి మొత్తం బ్రూడ్ దగ్గరే. బ్రూడ్ లేకపోతే కొద్ది రోజులకే చస్తుంది. వరోవా అలా చావదు, ఈగ మీదే వారాలు గడిపేస్తుంది.

120 పెట్టెల స్థాయిలో మీరు చెయ్యగలిగి, వేల పెట్టెలవాళ్ళు చెయ్యలేనిది ఒకటుంది. పోతుటీగల బ్రూడ్‌ను వలగా వాడటం. పోతు గడుల కొలత ఉన్న ఫ్రేము ఒకటి పెట్టి, మూతలు పడ్డాక, ఈగలు బయటికి రాకముందే తీసి గడ్డకట్టించెయ్యండి. తేదీ మర్చిపోయారా, మీరే నల్లిని పెంచిపెట్టినట్టు. అంత కచ్చితంగా తిరగగలిగితేనే పెట్టుకోండి.

మందులు మానెయ్యమన్న పెద్దాయన మాటలో నిజం లేకపోలేదు. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1999లో 150 పెట్టెల్ని ఏ మందూ లేకుండా వదిలేసి చూశారు. మొదటి మూడేళ్ళలోనే 80 శాతానికి పైగా పోయాయి. మిగిలిన కొద్దిపాటి ఈగలు నిజంగానే నల్లితో బతకడం నేర్చుకున్నాయి. పరిశోధకులు కాబట్టి చూస్తూ ఊరుకోగలిగారు, మీరు ఇంటి ఖర్చు పెట్టుకుని చూడలేరు. పైగా అది వేరే పెట్టెలు లేని దీవిలాంటి చోట జరగాలి. మీ పెట్టె కూలిపోతుంటే పక్కవాళ్ళ ఈగలు తేనె దోచుకోవడానికి వస్తాయి, నల్లుల్ని వాళ్ళింటికి మోసుకుపోతాయి. కాలిఫోర్నియాలో ఫిబ్రవరి బాదం పూతకు అమెరికాలోని పెట్టెల్లో సగానికి పైగా ఒకచోట చేరతాయి. ఒకరి నిర్లక్ష్యం అందరి పెట్టెల్లోకీ పోవడానికి అంతకన్నా ఏం కావాలి? పూత వెంట తిరిగే మీకూ ఈ బాధ ఉంటుంది. పక్కన దించినవాళ్ళ లెక్క అడగడానికి మొహమాట పడకండి.

తట్టుకునే ఈగలు కావాలంటే చావనివ్వడం కన్నా రాణుల్ని మార్చడం మేలు. కొన్ని ఈగలు జబ్బు గడిని పసిగట్టి, మూత విప్పి, లోపలి పిల్లను లాగి పారేస్తాయి. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు లూసియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్‌లో ఈ గుణాన్నే ఏరి పెంచారు. అదే దేశంలోని మిన్నెసోటాలో పరిశోధకురాలు మార్లా స్పివాక్ శుభ్రత గుణం ఉన్న ఈగల్ని ఎన్నో ఏళ్ళు ఎంపిక చేశారు. పరీక్ష సులువే. మూతపడిన బ్రూడ్‌లో ఒక చిన్న వలయాన్ని ద్రవ నైట్రోజన్‌తో చంపి, మర్నాడు ఎంత తీసేశాయో చూస్తారు. 95 శాతం శుభ్రం చేసినవి మంచి జాతి. అంత సరంజామా లేకపోతే, ఏడాది పొడుగునా నల్లి లెక్క తక్కువ వచ్చిన పెట్టెల నుంచే రాణుల్ని తీసుకోండి. రాణి గాల్లో పదికి పైగా పోతులతో జోడు కడుతుంది, కాబట్టి నాలుగు మంచి రాణులు తెచ్చి వదిలితే ఫలితం కనపడదు. ఒక గుంపు మొత్తం మార్చుకుంటూ పోవాలి.

మైనపు పురుగు గురించి తక్కువే చెబుతాను. అది మీ పెట్టెల్ని చంపలేదు, ఈగలు తగ్గి కాపలా లేని పట్టుల్ని తిన్నది. బలమైన పెట్టెలో దాని ఆటలు సాగవు. ఖాళీ ఫ్రేముల్ని మైనస్ 7 డిగ్రీల్లో నాలుగున్నర గంటలు, లేదా మైనస్ 15లో రెండు గంటలు ఉంచితే గుడ్లతో సహా చస్తుంది. ఆ చలి ఫ్రేము లోపలి దాకా చేరాలి కాబట్టి రాత్రంతా ఉంచెయ్యండి. తర్వాత వెలుతురు, గాలి తగిలేలా పేర్చండి. బ్రూడ్ పెరిగి నల్లబడిన పాత పట్టంటేనే దానికి ఇష్టం. ఏటా పెట్టెకు రెండు మూడు ముసలి పట్టులు కరిగించేస్తే దాని బెడదా తగ్గుతుంది, మైనంలో పేరుకున్న మందుల అవశేషాలూ పోతాయి. తేనెపెట్టెల్లో చేరే చిన్న పెంకుపురుగు ఉన్న ప్రాంతాల్లో అయితే తీసిన తేనె ఫ్రేముల్ని రెండు రోజులకు మించి గదిలో ఉంచకుండా పిండెయ్యాలి. లేకపోతే లార్వాలు తేనెను పులియబెట్టి పారించేస్తాయి.

ఇక పెట్టెల్ని నింపడం. అమెరికాలో ఏటా ఎన్నో పెట్టెలు పోతున్నా మొత్తం సంఖ్య పెద్దగా తగ్గకపోవడానికి కారణం, అక్కడివాళ్ళు బతికినవాటిని విడగొట్టి, రాణుల్ని కొని, పోయినవాటిని మళ్ళీ నింపుకోవడమే. నష్టాన్ని ఖర్చు పద్దులో ముందే రాసుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ పద్దు పెరుగుతూ పోతే తేనె ఎంత తీసినా మిగిలేదేమీ ఉండదు. అప్పు చేసి 40 పెట్టెల ఈగలు కొనకండి. కొన్నవాటితో పాటు ఎవరి నల్లి, ఎవరి జబ్బు వస్తుందో తెలియదు. ఈ వారమే 80 పెట్టెల్లో గుంపుకు ఎనిమిది చొప్పున ఈగల్ని కడిగి లెక్క చూడండి. 2 శాతానికి చేరిన గుంపుకు అమిట్రాజ్ కాకుండా వేరే మందు పెట్టండి. కొత్త పూత మొదలయ్యాక, లెక్క 1 శాతం లోపు ఉన్న పెట్టెల్ని మాత్రమే విడగొట్టండి, కొత్తగా పుట్టిన రాణి గుడ్లు మొదలుపెట్టగానే ఆక్సాలిక్ ఇవ్వండి. అలా 100కు చేరితే ఈ ఏడాదికి చాలు. మిగతా 20 పెట్టెలు వచ్చే ఏడాది దాకా ఖాళీగానే ఉండనివ్వండి, వాటి పట్టుల్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టి తీశాకే దాచండి.